నీటిపై వాడకానికి మాత్రమే

మా ఆఫీసు పేరు జలాంతర సేవల సంస్థ. విశాఖపట్నంలో బీచి రోడ్డుకి రెండు వీధుల వెనక మూడంతస్తుల మేడ. ఉద్యోగులం నలభై ఒక్కరం. అందులో నీళ్లలోకి దిగేవాళ్లు నలుగురు. మిగతా ముప్పై ఏడుగురమూ ఆ నలుగురూ నిబంధనల ప్రకారం దిగుతున్నారా లేదా అని ఒడ్డున కూర్చుని చూసుకుంటాం. నేను స్టోర్సు సూపరింటెండెంటుని, పేరు కూర్మనాథం. నాకు ఈత రాదు. ఉద్యోగంలో చేరేటప్పుడు ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ ఏడు సెప్టెంబరు మొదటివారంలో ఉత్తరాది పర్వత రాష్ట్రం ఒకదాని నుంచి మాకు ఉత్తరం వచ్చింది. పదకొండు వేల అడుగుల ఎత్తున ఒక లోయ. అక్కడొక చిన్న జలవిద్యుత్ కేంద్రం. దాని చెరువులో నీళ్లు కిందికి వదిలే గేటు కింద ఏదో అడ్డుపడి, గేటు సగంలో బిగుసుకుపోయింది. కరెంటు సగానికి పడిపోయింది. ఆ లోయకి బయటి నుంచి వేరే తీగ లేదు. ఊళ్లూ, బడీ, ఆస్పత్రీ అన్నీ ఆ ఒక్క కేంద్రం మీదే. చెరువులో నీళ్లు నాలుగు డిగ్రీల చల్లన. డిసెంబరు వచ్చేసరికి పైన మంచు గడ్డకడుతుంది. ఆపైన ఏప్రిల్ దాకా దిగడం కుదరదు. కనుక గేటు పని తెలిసిన గజ ఈతగాడిని వెంటనే పంపమని ఆ కేంద్రం ఇంజనీరు నవాంగ్ రాశాడు.

మా మేనేజింగ్ డైరెక్టరు పరాంకుశంగారు ఉత్తరం చదివి కళ్లజోడు తీశారు.

"ఒకే పేజీలో 'వెంటనే' అని మూడుసార్లు రాశాడు. కొత్తగా సర్వీసులో చేరినట్టున్నాడు," అన్నారు.

పంపదగ్గ మనిషి మా దగ్గర ఒక్కడే. అర్జిల్లి ఎల్లాజీ. జాలరిపేట వాడు, నలభై మూడేళ్లు. మా దగ్గర చేరకముందు ఆరేళ్లు విదేశీ కంపెనీల చమురు బావుల దగ్గర గడ్డకట్టే సముద్రాల్లో పనిచేశాడు. తక్కువ మాట్లాడతాడు. చేతులు మాత్రం పెద్దవి, ఎప్పుడూ ఏదో ఒక ముడి వేస్తూనో విప్పుతూనో ఉంటాయి.

వేడి సూటు కూడా మా దగ్గర ఉంది. రెండేళ్ల కిందట పరాంకుశంగారు ఒక ప్రదర్శనలో చూసి ముచ్చటపడి తెప్పించారు. లోపల సన్నటి తీగలుంటాయి. బ్యాటరీ తగిలిస్తే ఛాతీకీ, వీపుకీ, చేతి తొడుగులకీ వెచ్చదనం వస్తుంది. దాన్ని మా రిసెప్షన్‌లో అద్దాల బీరువాలో వేలాడదీశాం. వచ్చినవాళ్లు పక్కన నిలబడి ఫోటోలు దిగేవారు. ఫోటోకి బ్యాటరీ అక్కర్లేదు గనక కొనలేదు.

ఎల్లాజీ సూటుని బయటికి తీసి అంతా తడిమి చూసి, అరకాగితం మీద మూడు ముక్కలు రాసి నాకిచ్చాడు. 'బ్యాటరీలు రెండు. ఒక్కోటి వంద వాట్ అవర్ల లోపు. చేతిసంచిలో.'

"వంద లోపైతే ఇమానంలో ఏ గొడవా ఉండదు కూర్మనాథంగారూ," అన్నాడు. "కొసలకి టేపు సుట్టి సేతిసంచిలో ఏసుకోడమే. ఒకటి నలభై నిమసాలొస్తాది. అది అయిపోతే రెండోది. రేపు కొనిచ్చేస్తే ఎల్లుండి ఎల్తాను."

నేను ఆ కాగితానికి పై కాగితం జతచేసి పంపాను. అక్కడితో అది ఎల్లాజీ చెయ్యి దాటిపోయింది.

రెండో తరగతి గజ ఈతగాడు సాంకేతికాభిప్రాయం వెలిబుచ్చుట సర్వీసు నిబంధనల్లో లేదని పరాంకుశంగారు కాగితం అంచున రాశారు. అయినా విషయం అత్యవసరం గనక 'ఉష్ణవస్త్ర విద్యుత్ఘట ఎంపిక సంఘం' ఏర్పాటు చేశారు. ఆయన అధ్యక్షులు. భద్రతాధికారిణి హైమవతిగారు సభ్యురాలు. నేను రాతకోతల కార్యదర్శిని. ఎల్లాజీని ప్రత్యేక ఆహ్వానితుడిగా పిలిచారు, మాట్లాడే హక్కు లేకుండా.

మొదటి సమావేశంలో వాట్ అవర్ అంటే ఏమిటన్న దగ్గరే ఆగాం.

"అవర్ అంటే గంట. అందులో సందేహం లేదు," అన్నారు హైమవతిగారు. "గజ ఈతగాడి పనివేళలు రోజుకి ఎనిమిది గంటలు. ఇతను దాదాపు వంద గంటలు అడుగుతున్నాడు. అదీ రెండేసి!"

ఎల్లాజీ నోరు తెరిచి, తన హోదా గుర్తొచ్చి మూశాడు.

"పైగా రెండు అడగడంలో ఒక నైతిక సమస్య ఉంది," అన్నారు పరాంకుశంగారు. "రెండోది అడగడమంటే మొదటిది విఫలమవుతుందని మనమే ముందుగా అంగీకరించడం. విఫలమయ్యే వస్తువును ఈ సంస్థ కొనదు. రాసుకోండి కూర్మనాథంగారూ. బ్యాటరీ ఒక్కటే ఉండవలెను. అది దృఢముగా ఉండవలెను."

రాసుకున్నాను.

దృఢమంటే ఎంత అన్నదానికి మరో మూడు సమావేశాలు పట్టాయి. పర్వతం పదకొండు వేల అడుగులు, దానికి తగ్గ బ్యాటరీ ఉండాలని పరాంకుశంగారి వాదన. చివరికి ఆరు వందల వాట్ అవర్లది ఖాయమైంది. అక్టోబరు ఇరవైన వచ్చింది. నాలుగున్నర కిలోలు, ముగ్గురికి అన్నం పట్టే క్యారియరంత ఉంది. పరాంకుశంగారు దానికి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ఎల్లాజీ దాన్ని ఒకసారి ఎత్తి దించాడు.

"ఇది ఇమానం ఎక్కదు బాబూ," అన్నాడు.

"ఎక్కించవలసింది నువ్వు కాదు," అన్నారు పరాంకుశంగారు.

ప్రభుత్వ ఆస్తి గనక దాన్ని గజ ఈతగాడి చేతికి ఇవ్వకూడదు. అందుకని నేను కూడా బయల్దేరాను. విమానాశ్రయం కౌంటర్లో ఒక అమ్మాయి ఉంది.

"ఇందులో ఏముంది సార్?"

"బ్యాటరీ. ఆరు వందల వాట్ అవర్లు," అన్నాను. అప్పటికి నాకూ కాస్త గర్వం పట్టుకుంది.

ఆ అమ్మాయి చెయ్యి వెనక్కి తీసుకుంది. "విడి లిథియం బ్యాటరీలు కింద సామానులో వెయ్యరండి. చేతిసంచిలో తీసుకెళ్లాలంటే వంద లోపు ఉండాలి. నూట అరవై దాకా అయితే ముందే మా అనుమతి అడగాలి. అంతకు మించి ప్రయాణికుల విమానంలోకి రానివ్వం."

ఎల్లాజీ విమానాశ్రయం కప్పు వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను పరాంకుశంగారికి ఫోన్ చేశాను. అది ప్రభుత్వ బ్యాటరీ అని చెప్పమన్నారు. చెప్పాను.

"ప్రభుత్వం బ్యాటరీలు అంటుకోవా సార్?" అని అడిగింది. వెటకారం కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

తిరిగి వచ్చేశాం. మర్నాడు ఉదయం పదకొండింటికల్లా ఉత్తర్వు వెలువడింది. 'ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, సదరు విద్యుత్ఘటము యొక్క సామర్థ్యము తక్షణము అమలులోకి వచ్చునట్లు తొంభై తొమ్మిది వాట్ అవర్లుగా పరిగణింపబడవలెను.' బ్యాటరీ మీది అంకె కనబడకుండా కొత్త చీటీ అంటించి, దాని మీద ఆఫీసు ముద్ర వేశాం. మళ్లీ విమానాశ్రయానికి వెళ్లాం. మళ్లీ ఆ అమ్మాయే. ఉత్తర్వు మొదటి నుంచి చివరిదాకా చదివింది. బ్యాటరీని రెండు చేతులతో ఎత్తి చూసింది.

"ఉత్తర్వు పట్టుకెళ్లొచ్చు సార్," అంది. "బ్యాటరీ వద్దు."

తిరుగుదారిలో ఆటోలో ఎల్లాజీ అడిగాడు. "సిన్నవి రెండు నేనే కొనుక్కుంటానని సెప్తారా పెద్దాయనకి? నా సొంతానికి."

చెప్పాను. సొంత పరికరంతో అధికారిక జలాలలో ప్రవేశించరాదని జవాబొచ్చింది. రైల్లో వెళ్లమన్నారు. అప్పుడు హైమవతిగారికి భద్రత గుర్తొచ్చింది.

"ఏడు రోజుల ప్రయాణం. నిండు బ్యాటరీ ఎంత ప్రమాదం! ఖాళీ బ్యాటరీయే సురక్షితమైన బ్యాటరీ. నా ఇరవై రెండేళ్ల సర్వీసులో ఖాళీ బ్యాటరీ వల్ల ఒక్క ప్రమాదం జరిగిన దాఖలా లేదు," అన్నారు.

స్టోర్సు గదిలో దానికి ఒక దీపం తగిలించి, పూర్తిగా ఆరిపోయేదాకా ఇద్దరు సాక్షులం కూర్చున్నాం. తర్వాత గోనెగుడ్డలో చుట్టి, లక్కతో సీలు వేశారు. ఆ సీలు తన సమక్షంలోనే విప్పవలెనని ఆవిడ ఇంకో ఉత్తర్వు ఇచ్చారు. ఆ ఉత్తర్వు మీద సంతకాలు పూర్తయ్యేసరికి నవంబరు సగం గడిచింది.

నాలుగు రోజులు రైలు, మూడు రోజులు జీపు. నవంబరు ఇరవై నాలుగు మధ్యాహ్నానికి లోయ చేరాం. నవాంగ్ పొట్టిగా, చలికి పగిలిన బుగ్గలతో ఉన్నాడు. కొత్తగా సర్వీసులో చేరినవాడు కాడు, యాభై దాటాయి. మమ్మల్ని చూసి సంతోషించాలో తిట్టాలో తెలియక రెండూ మానేశాడు. అతని హిందీ, మా హిందీ కలిపి పని జరిగింది.

"మొన్న రాత్రి గేటు పూర్తిగా పడిపోయింది. ఇప్పుడు అసలు కరెంటే లేదు," అన్నాడు.

నేను బ్యాటరీ మూట చూపించాను. "దీన్ని ఛార్జింగ్ పెట్టాలి. ఎక్కడ పెట్టమంటారు?"

నవాంగ్ నా ముఖంలోకి చూశాడు. నేను పరిహాసమాడుతున్నానేమో అనుకున్నాడు. నేను గోనెగుడ్డ మీది సీలు చూపించాను. అప్పుడు అతనికి నమ్మకం కుదిరింది.

"కరెంటు ఉంటే మిమ్మల్ని ఎందుకు పిలుస్తాను?"

లోయ మొత్తానికి నడుస్తున్న జనరేటరు ఆస్పత్రిది ఒక్కటే. కనుమ మీద లారీలు ఆగిపోయాయి. చక్రాలకి గొలుసులు కట్టుకుని వచ్చే జీపులు డబ్బాల్లో తెచ్చే డీజిలు దానికే బొటాబొటిగా సరిపోతోంది. మర్నాడు ఉదయం నవాంగ్ మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లాడు. సీలు సంగతి హైమవతిగారితో తర్వాత చూసుకుందామని నేను గుండె దిటవు చేసుకున్నాను, సర్వీసులో అదే మొదటిసారి.

ఆస్పత్రిలో పొయ్యిలా ఎర్రగా వెలుగుతున్న తీగ కింద ఒకే ఉయ్యాల పెట్టెలో నెలలు నిండని బిడ్డలు ముగ్గుర్ని పక్కపక్కన పడుకోబెట్టారు. ఆ జనరేటరు మీద ఒకసారికి ఒకటే నడుస్తుంది, ఆ తీగ గానీ ఇంకోటి గానీ. మా బ్యాటరీ నిండడానికి మూడు గంటలు కావాలని నవాంగ్ నర్సుకి చెప్పాడు. ఆవిడ కుదరదని అనలేదు. బిడ్డల వైపు చూసి, "మూడు గంటలా?" అంది.

"వొద్దమ్మా," అన్నాడు ఎల్లాజీ, ఆవిడకి తెలుగు రాదన్న సంగతి మరిచిపోయి. "వొద్దు. ఆళ్ల వేడి ఆళ్లకుండనీ."

ఆ సాయంత్రం చెరువు అంచున వేలెడంత మేర సన్నటి మంచు పొర కట్టింది. ఎల్లాజీ కాలి బొటనవేలితో నొక్కితే అప్పడంలా విరిగింది. ఇంక నాలుగు రోజులన్నాడు నవాంగ్.

ఇరవై ఆరో తేదీ పొద్దున్నే రెండు జీపులు వచ్చాయి. ప్రత్యక్ష పర్యవేక్షణ నిమిత్తం పరాంకుశంగారూ హైమవతిగారూ విమానంలో పెద్ద ఊరికి వచ్చి, అక్కడి నుంచి బయల్దేరి వచ్చారు. ఇద్దరూ కొత్త నీలం కోట్లు తొడుక్కున్నారు. ఛాతీ మీద చిన్న ఎర్రదీపం వెలుగుతోంది. మా అందరి నోళ్లల్లోంచి పొగలొస్తుంటే పరాంకుశంగారి నుదుట చిరుచెమట పట్టింది.

"అమ్మగారూ," అన్నాడు ఎల్లాజీ, "ఆ జేబులో ఉన్నది బేటరీయేనాండి?"

"ఔను. ఇవి వేడి కోట్లు," అన్నారు హైమవతిగారు హుషారుగా. "తొంభై తొమ్మిది వాట్ అవర్లు. విమానంలో చేతిసంచిలో పెట్టుకుని రావచ్చు, ఎవరూ అడ్డుచెప్పరు. ఎంత సౌకర్యమో! ఒకటి అయిపోతే ఉంటుందని తలో రెండు తెచ్చుకున్నాం."

ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు. నేను వెతికాను.

ఎల్లాజీ ఆ బ్యాటరీని చేతిలోకి తీసుకుని కొస చూశాడు. సూటు కొసతో కలిపి చూశాడు. "పన్నెండు వోల్టులే. సరిగ్గా సరిపోతాది. ఒక రెండు నాకు ఇప్పించండి బాబూ. గంట సాలు. పైకొచ్చి ఇచ్చెత్తాను."

పరాంకుశంగారు బ్యాటరీ వెనక్కి తీసుకుని తన కోటు జేబులో వేసుకున్నారు. "ఇవి అధికారుల పర్యటనోపకరణముల కింద మంజూరైనవి. నీటిపై వాడకానికి మాత్రమే. నీటి కింద వాడకానికి నీకు ప్రత్యేకంగా, సంఘం ద్వారా, సుదీర్ఘ పరిశీలన అనంతరం ఎంపిక చేసిన బ్యాటరీ ఇచ్చి ఉన్నాం గదా?"

"అది ఖాళీగా ఉందండి."

"ఖాళీగా ఉంటే నింపుకొనవలెను."

"కరెంటు లేదండి."

"అది స్థానిక సమస్య." ఆయన నవాంగ్ వైపు చూసి, మళ్లీ ఎల్లాజీ వైపు తిరిగారు. "మంజూరు కాని పరికరంతో నిన్ను లోపలికి దింపి, జరగరానిది జరిగితే జవాబుదారీ ఎవరు?"

"దింపకపోతేనండి? గడ్డకట్టేస్తాది. ఆస్పత్రిలో పిల్లలున్నారు."

"దింపకపోతే జవాబుదారీ ఎవరికీ లేదు. అది ప్రకృతి."

అప్పుడు నేను ఆయన కోటు జేబులో చెయ్యి పెట్టి ఆ బ్యాటరీ లాగేసుకుని ఉండాల్సింది. చెయ్యి జేబుదాకా కాదు, నా నడుముదాకా లేచింది. నాకింకా ఆరేళ్ల సర్వీసు ఉంది. దించేశాను.

ఎల్లాజీ ఉత్త సూటు తొడుక్కుని, మాతో తెచ్చిన గాలి సిలిండరు వీపుకి తగిలించుకున్నాడు. నడుముకి తాడు కట్టి రెండో కొస నాకూ నవాంగ్‌కీ ఇచ్చాడు. "నేను రెండుసార్లు లాగితే పైకి లాగండి. లాగకపోతే ఇరవై నిమసాలకి మీరే లాగండి," అని దిగిపోయాడు.

మొదటిసారి పద్నాలుగు నిమిషాలున్నాడు. పైకొచ్చి, గేటు కింద పెద్ద దుంగ ఇరుక్కుందనీ, దాని చుట్టూ ఇనుప కంచె చుట్టుకుందనీ చెప్పాడు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. నవాంగ్ భార్య ఉప్పు టీ పోసింది. రెండోసారి పదహారు నిమిషాలు. మందపాటి చేతి తొడుగులతో తీగ ముడులు అందడం లేదన్నాడు. మూడోసారి దిగేముందు ఆ తొడుగులు తీసి గట్టు మీద పెట్టాడు. నేను వద్దన్నాను. "ముడి ఇప్పాలంటే సేతి ఏళ్లు కావాల కదండీ," అన్నాడు.

మూడోసారి పంతొమ్మిదో నిమిషం దాకా తాడు కదల్లేదు. నవాంగ్ గడియారం చూస్తూ ఏదో జపిస్తున్నాడు. నేను మాత్రం తాడే చూస్తున్నాను. రెండుసార్లు లాగింది, బలహీనంగా, చేప ముట్టినట్టు. ఇద్దరం కలిసి లాగాం. ఎల్లాజీతో పాటు మనిషి మందాన నల్లటి దుంగ పైకి తేలింది. గట్టు మీది మనుషులు గేటు చక్రం తిప్పారు. కాసేపటికి కింద ఎక్కడో నీళ్లు పడుతున్న హోరు మొదలైంది. మధ్యాహ్నానికి ఆస్పత్రి కప్పు కింద బల్బు వెలిగింది. ఊళ్లోంచి కేకలు వినబడ్డాయి.

ఎల్లాజీ వేళ్లు కొవ్వొత్తుల్లా తెల్లగా ఉన్నాయి. టీ గ్లాసు పట్టుకోలేకపోయాడు. నవాంగ్ తన చేత్తో తాగించి, ఆ చేతుల్ని తన చంకల్లో పెట్టుకుని గంటసేపు అలాగే కూర్చున్నాడు. పరాంకుశంగారు 'మన సంస్థ లోతు' అన్న అంశం మీద పది నిమిషాలు మాట్లాడారు. తమ బ్యాటరీలు తగ్గిపోతున్నాయని ఆ మధ్యాహ్నమే బయల్దేరిపోయారు.

జనవరిలో నివేదిక వచ్చింది. వేడి లేకుండానే పని పూర్తయినందున గజ ఈతగాళ్లకు వేడి అనవసరమని క్షేత్రస్థాయిలో రుజువైనదట. ఎంపిక చేసిన బ్యాటరీ వల్ల ఎటువంటి ప్రమాదమూ సంభవించలేదట. దానికి గాను సంఘాధ్యక్షులకు ప్రశంసాపత్రం ఇచ్చారు. ఎల్లాజీకి మెమో ఇచ్చారు. ఇచ్చిన బ్యాటరీ వాడకుండా నీటిలో ప్రవేశించి భద్రతా నియమాలు ఉల్లంఘించాడని అభియోగం.

విచారణ మే నెలలో జరిగింది. అప్పటికి ఎల్లాజీ ఆరు నెలలుగా మందులు వాడుతున్నాడు. కుడిచేతి రెండు వేళ్లకి స్పర్శ లేదు. మిగతావి కాస్త చల్లగాలి తగిలినా సూదులు గుచ్చినట్టు సలుపుతాయి. బయట మండుటెండ. మా సమావేశం గదిలో ఏసీ పద్దెనిమిది మీద ఉంది. ఎల్లాజీ చేతులు చంకల్లో దూర్చుకుని కూర్చున్నాడు.

"బాబూ, ఆ ఏసీ కాస్త తగ్గించమని సెప్తారా?"

"ఏసీ సాధారణ పరిపాలన విభాగం వారిది," అన్నారు పరాంకుశంగారు. "విషయానికి రా. నీటిలో నీకు చలి వేసినదా?"

"ఏసిందండి."

"ఎంత? అంచనాగా వద్దు. రికార్డులో పెట్టదగినట్టుగా చెప్పు."

ఎల్లాజీ కుర్చీలోంచి లేచి బల్ల చుట్టూ తిరిగి వెళ్లి, పరాంకుశంగారి ముంజేతి మీద తన కుడిచెయ్యి పెట్టాడు. మొరటుగా కాదు, నాడి చూసే వైద్యుడిలా, మెల్లగా.

పరాంకుశంగారు తేలు కుట్టినట్టు చెయ్యి లాక్కున్నారు. ముంజెయ్యి రుద్దుకుంటూ ఉండిపోయారు. హైమవతిగారు బల్ల మీద ఉన్న తన చేతుల్ని ఒళ్లోకి తీసుకున్నారు.

"అంతండి," అన్నాడు ఎల్లాజీ. తలుపు తీసుకుని వెళ్లిపోయాడు.

"ఏమని రాయమంటారు?" అన్నాను.

"అభియోగం రుజువైనదని రాయండి. పై అధికారిని అనుమతి లేకుండా తాకుట అని రెండో అభియోగం చేర్చండి," అన్నారాయన, ఇంకా ముంజెయ్యి వదలకుండా.

ఆయన చెప్పిందంతా రాశాను. దాని కింద ఇంకో రెండు వాక్యాలు రాశాను. 'సర్వీసులో ఉండగా, సంస్థ బ్యాటరీ ఇవ్వని కారణంగా, ఉద్యోగి చేతులు చెడినవి. ఆరు నెలల తర్వాత కూడా ఆ చెయ్యి తాకలేనంత చల్లగా ఉన్నట్లు అధ్యక్షులవారు స్వయంగా గమనించినారు.' ఆయన నాలుగు పేజీల మీదా, ఏనాడూ చదవనట్టే చదవకుండా, సంతకాలు పెట్టారు. ఏడాది తిరిగాక మెడికల్ బోర్డు ఎల్లాజీది సర్వీసులో తగిలిన గాయమేనని ఒప్పుకున్నది ఆ సంతకం చూసే.

కాగితాలు పట్టుకుని మెట్లు దిగాను. పోర్టికో బయట ఎండలో పరాంకుశంగారి నల్లకారు నిలబడి ఉంది. ఎల్లాజీ దాని బానెట్ మీద రెండు అరచేతులూ పరిచి, కళ్లు మూసుకుని ఉన్నాడు. వేళ్లు ఒక్కొక్కటే విచ్చుకుంటున్నాయి.

డ్రైవరు గబగబా వచ్చాడు. "ఏటది ఎల్లాజీ! చెయ్యి తియ్యి, సార్ చూస్తే నా ఉజ్జోగం..." అంటూనే ఆ వేళ్లని చూసి ఆగిపోయాడు. ఒకసారి పై అంతస్తు కిటికీ వైపు చూశాడు.

"అక్కడ కాదు," అన్నాడు. "ఇటేపు రా. ఇప్పుడే తోలుకొచ్చేను, ఇంజను మీద ఇంకా కాక ఉంటాది."